స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక భారతీయుడు, ఒక క్రైస్తవుడు

బొమ్మలు కదులుతున్నాయంటే అది పిల్లల కార్యక్రమమేనన్న నమ్మకం మన ఇళ్లలో ఇంకా పోలేదు. వంటింట్లో పని తెమలాలని ఫోను పిల్లవాడి చేతిలో పెట్టి, ‘కార్టూనే కదా’ అనుకుంటాం. కాని అమెరికాలో ముప్పై ఐదేళ్లకు పైగా పెద్దవాళ్ల కోసమే తీస్తున్న కార్టూన్ హాస్యం ఉంది. రాజకీయం, సంసారం, తాగుడు, మతం, అన్నీ అందులో నవ్వులాటకు వస్తాయి. వాటిలో పెద్దన్న ‘ది సింప్సన్స్’. మ్యాట్ గ్రేనింగ్ సృష్టించిన ఈ ధారావాహిక 1989 డిసెంబరులో ఫాక్స్ టెలివిజన్‌లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. దాని తరువాత వచ్చిన ‘సౌత్ పార్క్’ ఇంకా తెగించి, మన ప్రభువునే ఊళ్లో టీవీ చర్చా కార్యక్రమం నడిపే పాత్రగా చూపించింది.

ఇటువంటివి చూడవచ్చా, కూడదా అని యవ్వనస్థుల కూటాల్లో అడుగుతూనే ఉంటారు. ఏ వయసువారు ఏది చూడాలన్నది ఏ ఇంటికి ఆ ఇంటి పెద్దలు తేల్చుకోవలసిన సంగతి. నా దృష్టి మరొక దాని మీద ఉంది. సింప్సన్ కుటుంబం కాపురముండే స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊహా పట్టణంలో ఒక భారతీయుడున్నాడు, ఒక భక్తిగల క్రైస్తవుడున్నాడు. ఇద్దరి మీదా ఏళ్ల తరబడి వాదాలు జరిగాయి. అమెరికాలో పెరుగుతున్న మన తెలుగు సంఘాల పిల్లలకు ఆ ఇద్దరి పోలికా పడుతుంది. రంగు చూసి ఒకడి పేరు, ఆదివారం ఎక్కడికి వెళ్తారో చూసి మరొకడి పేరు. కాబట్టి ఇది మనకు పట్టని గొడవేమీ కాదు.

ముందు భారతీయుడి సంగతి. పేరు అపూ. సత్యజిత్ రాయ్ బెంగాలీ చిత్రాల్లోని బాలుడి పేరే తీసుకున్నారు. ఇంటిపేరు మాత్రం మన దేశంలో ఏ భాషలోనూ లేని పొడవాటి కల్పన; నోరు తిరగకపోవడమే అందులోని హాస్యం. 1990లో మొదటిసారి కనిపించాడు. కిరాణా కొట్టు నడుపుతాడు, కొనడానికి వచ్చినవారిని ఒకే మాటతో సాగనంపుతాడు. కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేట్ ఉన్నా కౌంటరు వెనకే నిలబడతాడు. అతనికి గొంతునిచ్చింది హ్యాంక్ అజారియా అనే నటుడు. యూదు కుటుంబంలో పుట్టినవాడు, భారతదేశంతో ఏ సంబంధమూ లేనివాడు. భారతీయుడి గొంతు చేయగలవా, ఎంత ఎబ్బెట్టుగా చేయగలవని మొదట్లో తనను అడిగారని ఆయనే ఒక సందర్భంలో చెప్పాడు. 1968లో వచ్చిన ‘ది పార్టీ’ చిత్రంలో పీటర్ సెల్లర్స్ అనే ఆంగ్ల నటుడు ముఖానికి గోధుమరంగు పూసుకుని భారతీయుడిగా నటించాడు. ఆ యాస కూడా తన మనసులో ఉందని అజారియా అన్నాడు. అంటే అపూ మాట్లాడేది భారతీయుల యాస కాదు. భారతీయుడు ఇలా మాట్లాడతాడని ఒక ఆంగ్లేయుడు ఊహించిన దానికి ఒక అమెరికన్ చేసిన నకలు.

మన దేశంలో కూర్చుని చూసినవారిలో చాలామందికి ఇది తప్పుగా తోచలేదు. నవ్వి ఊరుకున్నారు. అపూ కష్టజీవి, మర్యాదస్థుడు, పైగా అమెరికా టీవీలో మనవాడొకడు కనిపిస్తున్నాడని సంతోషించినవారూ ఉన్నారు. ఆ నవ్వు అక్కడ బడిలో ఒంటరిగా కూర్చున్న పిల్లవాడి చెవికి ఎలా వినిపించిందో మనకు తెలిసే వీలు లేదు. దాన్ని తెలియజెప్పింది తెలుగు కుటుంబంలో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన హాస్య కళాకారుడు హరి కొండబోలు. 2017 నవంబరులో ఆయన అపూ మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. ఆయన సింప్సన్స్‌ను ద్వేషించేవాడు కాదు, చిన్ననాటి నుంచి అభిమాని. అమెరికాలో పుట్టి పెరిగిన దక్షిణాసియా నటులను కూర్చోబెట్టి మాట్లాడించాడు. బడిలో ఆ పేరుతో పిలిపించుకున్నామని, ఆ కొట్టువాడి మాటను తమ మొహం మీద అనిపించుకున్నామని, నటనకు వెళ్తే అదే యాస చేయమన్నారని ఒకరి తరువాత ఒకరు చెప్పారు. 1990లలో అమెరికా టీవీ తెరపై భారతీయుడంటే దాదాపు అపూ ఒక్కడే. ఒక్కడే ఉన్నప్పుడు వాడు పాత్రగా మిగలడు, జాతికి నమూనా అయిపోతాడు.

2018 ఏప్రిల్‌లో సింప్సన్స్ రచయితలు దీనికి ఒక ఎపిసోడ్‌లో జవాబిచ్చారు. ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు అభ్యంతరకరమైంది, మనమేం చేయగలం అన్నట్టు ఒక పాత్ర చేత అనిపించి, పక్కనే అపూ ఫోటో చూపించి దాటేశారు. తేలికగా చేసిన జవాబు, నాకది నచ్చలేదు. నొప్పి అని చెప్పినవాడికి నీకు నవ్వడం రాదని చెప్పినట్టుంది. అజారియా మాత్రం అలా తీసుకోలేదు. కొన్ని వారాలకే తాను తప్పుకోవడానికి సిద్ధమన్నాడు, 2020 జనవరిలో ఆ గొంతు ఇక చేయనన్నాడు. 2021లో అమెరికాలోని భారతీయులకు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. తన కొడుకు చదివే బడిలో భారతీయ సంతతి పిల్లలతో మాట్లాడానని, వారిలో పదిహేడేళ్ల అబ్బాయి సింప్సన్స్ ఎన్నడూ చూడకపోయినా అపూ అంటే ఏమిటో వాడికి బాగా తెలుసని చెప్పాడు. ఆ మాట దగ్గర ఆగి ఆలోచించండి. కార్యక్రమం చూడనే లేదు. పేరు మాత్రం తిట్టుగా చేరింది.

యాస పేరిట మనిషిని వేరుచేయడం వాక్యం ఎరిగిన మనకు కొత్త సంగతి కాదు. న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయంలో గిలాదువారు యొర్దాను రేవుల దగ్గర కాపుండి, దాటివచ్చిన ప్రతివాని చేత ఒకే ఒక్క మాట పలికించారు. ‘షి’ పలకలేక ‘సి’ అన్నవాడు ఎఫ్రాయిమువాడు, వాడిని అక్కడే చంపారు. ఆ కాలమందు కూలినవారు 42,000 మంది అని లెక్క రాసి ఉంది. ప్రధానయాజకుని వాకిట్లో పేతురును పట్టించింది కూడా గలిలయ యాసే. మనం పేతురు బొంకును గూర్చి ఎన్నో ప్రసంగాలు చేస్తాం. మంట దగ్గర నిలబడినవారు అతని పలుకు విని ఊరు పట్టుకున్న సంగతిని మాత్రం చప్పున దాటిపోతాం.

ఇక క్రైస్తవుడి సంగతి. నెడ్ ఫ్లాండర్స్ సింప్సన్‌లకు పక్కింటివాడు. మీసం, కళ్లద్దాలు, ఆకుపచ్చ స్వెట్టరు, ప్రతిదానికీ ప్రార్థన. పనిముట్లు అరువిస్తాడు, అవి తిరిగి రావు, అయినా మళ్లీ ఇస్తాడు. కథానాయకుడు హోమర్‌కు అతనంటే మంట. అతనిలో ఎంచడానికి తప్పేమీ దొరకకపోవడమే ఆ మంటకు సగం కారణం. తొలి రోజుల్లో అతణ్ని చూసి అమెరికా క్రైస్తవులు నొచ్చుకున్నారు. కాని 2001లో ‘క్రిస్టియానిటీ టుడే’ పత్రిక అతణ్ని ముఖచిత్రంగా వేసి, అమెరికా టీవీలో ఇంతగా ప్రార్థించే మనిషి ఇంకెవరున్నారన్న కోణంలో రాసింది. అదే ఏడు మార్క్ పిన్‌స్కీ అనే యూదు విలేఖరి ఈ కార్యక్రమంలోని విశ్వాసం గురించి ఏకంగా పుస్తకమే రాశాడు.

ఏళ్లు గడిచేకొద్దీ రచయితలు ఫ్లాండర్స్‌లోని మంచి పొరుగువాణ్ని తగ్గించి, మతమౌఢ్యాన్ని పెంచుతూ పోయారు. ఒక పాత్రలోని ఒక్క గుణాన్నే ఊదిఊది మిగతా మనిషిని మాయం చేసే ఈ పద్ధతికి టీవీ ప్రేక్షకులు ఇతని పేరే పెట్టారు, ఫ్లాండరైజేషన్ అని. ఒక క్రైస్తవ పాత్ర పేరు ఇలా నిఘంటువుకెక్కడం నాకు కొంచెం చివుక్కుమనిపించింది. అయితే మాట సరైనదే.

అపూను, ఫ్లాండర్స్‌ను, ఒక పాస్టరును ఒకచోట చేర్చిన ఎపిసోడ్ 1992 అక్టోబరులో వచ్చింది. సంఘ పెద్దలు ఒకసారి చూడదగ్గది. గడ్డకట్టే చలిలో ఒక ఆదివారం హోమర్ ఆరాధనకు వెళ్లనంటాడు. ఇంట్లోనే హాయిగా ఉందని గుడి మానేస్తాడు. అపూ కొట్లో వినాయకుడి విగ్రహాన్ని చూసి, దానికి వేరుశనగ పలుకు పెట్టి ఎగతాళి చేస్తాడు. అలా చేయవద్దని అపూ అడుగుతాడు. తరువాత మరో ఆదివారం హోమర్ చుట్ట తాగుతూ నిద్రపోతే ఇంటికి నిప్పంటుకుంటుంది. మంటల్లోకి దూరి అతణ్ని బయటకు లాగినవాడు ఫ్లాండర్స్. నిప్పు ఆర్పడానికి వచ్చిన స్వచ్ఛంద దళంలో అపూ ఉన్నాడు, క్రస్టీ అనే యూదు విదూషకుడున్నాడు. ఇల్లు కాలడం దేవుని కక్ష కాదని, సాయపడిన స్నేహితుల హృదయాల్లో దేవుడు పనిచేశాడని రెవరెండ్ లవ్‌జాయ్ హోమర్‌కు చెబుతాడు. చక్కని మాట. ఆ స్నేహితులను వరుసగా ఎంచుతూ క్రైస్తవుడు అంటాడు, యూదుడు అంటాడు, అపూ దగ్గరికి వచ్చేసరికి తడబడి ‘ఇతరములు’ అనే అర్థం వచ్చే మాట వాడతాడు. నేను హిందువునండీ, మేం డెబ్బై కోట్లమంది ఉన్నాం అని అపూ గుర్తుచేస్తాడు. అయితే బాగుంది అన్నట్టు లవ్‌జాయ్ చిన్నపిల్లవాణ్ని మెచ్చుకునే గొంతుతో ఒక మాట అని ఊరుకుంటాడు.

ఇక్కడ నవ్వు ఎవరి మీద? అపూ మీద కాదు, పాస్టరు మీద. దేవుని గూర్చి సరిగ్గా చెప్పిన నోటితోనే, నిప్పు ఆర్పిన మనిషి పేరు తెలుసుకోవడం మరిచిన పాస్టరు మీద. దరఖాస్తు ఫారాల్లో చివరన ఉండే ‘ఇతరులు’ అనే గడిలో టిక్కు పెట్టుకున్న అనుభవం ఉన్న మనకు ఆ మాట ఎలా గుచ్చుతుందో ఎవరూ వివరించనక్కరలేదు.

ఈ కార్యక్రమం మీద కోపగించుకున్న పెద్దల్లో అధ్యక్షుడు జార్జి బుష్ ఒకరు. అమెరికా కుటుంబాలు సింప్సన్‌ల మాదిరి కాకుండా వాల్టన్‌ల మాదిరిగా ఉండాలని 1992 జనవరిలో ఆయన అన్నది క్రైస్తవ ప్రసారకర్తల మహాసభలోనే. ఒక దేశాధ్యక్షుడు మన సభకు వచ్చి మన తరఫున కార్టూన్‌ను మందలించగలిగాడంటే, ఆ దేశంలో ఫ్లాండర్స్‌కు ఎంత అండ ఉందో చూడండి. అపూకు ఆ అండ లేదు. హ్యారీ షియరర్ అనే ఒకే నటుడు ఫ్లాండర్స్‌కూ లవ్‌జాయ్‌కూ నల్లజాతి వైద్యుడు హిబ్బర్ట్‌కూ గొంతునిచ్చేవాడు. 2021లో హిబ్బర్ట్ గొంతు ఒక నల్లజాతి నటుడికి మారింది. ఫ్లాండర్స్‌కు విశ్వాసి అయిన నటుణ్నే పెట్టాలని ఉద్యమం లేవలేదు, లేవవలసిన పనీ లేదు. వీధికొక గుడి ఉన్న దేశంలో ఫ్లాండర్స్‌ను చూసి నవ్వినవాడికి నిజమైన క్రైస్తవుడు ఎదురింట్లోనే కనిపిస్తాడు. అందరినీ వెక్కిరిస్తున్నారు కదా, అపూకే ఎందుకంత రాద్ధాంతం అనేవారికి నా జవాబు ఇదే. స్కాట్లండ్ తోటమాలి విల్లీని చూసి స్కాట్లండ్ అంతా ఇంతేనని ఎవరూ అనుకోలేదు.

మన తెలుగునేల మీద ఈ లెక్క తారుమారవుతుంది. సినిమాలో పాస్టరు కనిపిస్తే పొడవాటి అంగీ, సాగదీసిన పలకరింపు, పాత బైబిలు తెలుగు, వెనక ఒక నవ్వు. అది మనల్ని నొప్పిస్తుంది, ఎందుకంటే చాలా ఊళ్లలో ప్రేక్షకుడికి మరో పాస్టరు తెలియడు. అక్కడ మనం అపూ స్థానంలో ఉన్నాం, అభ్యంతరం చెప్పే హక్కు మనకుంది. అదే తెర చాలాకాలం తెలంగాణ యాసను రౌడీకీ హాస్యగాడికీ కేటాయించింది, శ్రీకాకుళం యాసను పనివాడికిచ్చింది. ఈ నొప్పిని తెలంగాణ ఉద్యమం గట్టిగా అడిగింది కూడా.

మరి మన క్రిస్మస్ నాటికలు? ఎన్ని సంఘాల్లో చూడలేదు! యోసేపు, మరియ, గబ్రియేలు దూత గ్రంథంలోని తెలుగు మాట్లాడతారు. జ్ఞానులు పట్టు కండువాలతో గంభీరంగా నడుస్తారు. గొర్రెల కాపరులు రాగానే హాలంతా నవ్వు. వాళ్లకు పల్లెటూరి యాస, తలపాగా, చంకలో సీసా, తడబడే నడక. ఆ కుర్చీల్లోనే ఆ యాసే ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు కూర్చుని ఉంటాయి, వాళ్లూ నవ్వుతారు. నవ్వకపోతే బాగుండదు కదా. లూకా సువార్త ప్రకారం ఆ రాత్రి వార్త మొదట చేరింది ఆ కాపరులకే. ఇక యోసేపు నజరేతు వడ్రంగి. యెరూషలేము పెద్దలు వింటే నవ్వుకునే గలిలయ పలుకే ఆయనదీ. వచ్చే డిసెంబరుకు నాటిక రాసే యవ్వనస్థులు ఒక్క మార్పు చేసి చూడవచ్చు. యోసేపు, కాపరులు ఒకే యాసలో, మీ ఊరి యాసలోనే మాట్లాడుకోనివ్వండి. గంభీరమైన గ్రాంథికం కావాలంటే హేరోదుకు ఇవ్వండి.

ప్రసంగ వేదిక సంగతి కూడా ఉంది. పొరుగు మతస్థుని పూజను అనుకరించి నవ్వించడం, నత్తిని అనుకరించడం, కోడలిని, అత్తను అనుకరించడం. బయలు ప్రవక్తలను ఏలీయా అపహసించలేదా అని కొందరు సమర్థించుకుంటారు. ఏలీయా రాజు అండ ఉన్న నాలుగు వందల యాభైమంది ఎదుట ఒంటరిగా నిలబడి అన్నాడు. మైకు చేతిలో పెట్టుకుని, ఎదురు మాట్లాడే వీలులేని సభలో అన్న మాట కాదది.

అపూ కథ కొండబోలు కోరినట్టు ముగియలేదు. ఆ పాత్రను తీసేయమని ఆయన అడగలేదు. ఇంకా నిండుగా, మనిషిలా రాయమన్నాడు. తీసేస్తారన్న పుకారు 2018లో వచ్చినప్పుడు అది మంచి మార్గం కాదనే అన్నాడు. 2023లో అజారియా, కొండబోలు ఒక రేడియో కార్యక్రమంలో కూర్చుని ఈ సంగతంతా తాపీగా మాట్లాడుకున్నారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మాత్రం అపూ అప్పుడప్పుడు గుంపులో వెనక నిలబడి కనిపిస్తాడు. కొత్త గొంతు ఎవరూ ఇవ్వలేదు, మాట ఏమీ రాయలేదు.