‘మేము’లో నేనెక్కడ?

పోయిన నెల ఒక పత్రికలో మావారి యాత్రా వ్యాసం అచ్చయింది. 2023 మే నుంచి అక్టోబరు దాకా అరిజోనాలోని చాండ్లర్‌లో, మా అమ్మాయి ఇంట్లో మేమున్న ఆరు నెలల గురించి. బాగానే రాశారు. సువారో కాక్టస్ మీద ఒక పేజీ, గ్రాండ్ కాన్యన్ మీద రెండు పేజీలు. మధ్యలో ఒక వాక్యం ఉంది: “మేము తెల్లవారకముందే లేచి, కాఫీ తాగి, ఎండ రాకుండా నడక ముగించేవాళ్ళం.” లేచింది మేమే, నిజమే. కాఫీ తాగిందీ మేమే అనుకుందాం. పెట్టిందెవరు? నడకకి వెళ్ళిందెవరు?

ఫొటో కింద పత్రిక వాళ్ళు ‘విశ్రాంత దంపతులు’ అని వేశారు. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి నేనూ రిటైరయ్యాను. శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు. ఆ మర్నాడు పొద్దున్న ఆయన పేపరు తీశారు, నేను పప్పు కడిగాను.

తొలిచూలు కాన్పుకి కూతురు పుట్టింటికి రావడం మన ఆనవాయితీ. ఇప్పుడు పుట్టిల్లే పచ్చళ్ళూ పొడులూ మూటగట్టుకుని విమానమెక్కుతోంది. పుట్టిల్లంటే గోడలు కాదు గదా, అమ్మే. జూన్‌లో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. జూన్ 30 నుంచి జులై 30 దాకా వరసగా 31 రోజులు ఫీనిక్స్‌లో ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. మన లెక్కలో 43 సెల్సియస్ పైమాటే. పక్కనే ఉన్న మాకూ అదే ఎండ. గడప దాటే వీల్లేదు. ఆ నెలంతా బాలింతకి పథ్యం, పసిదానికి నీళ్ళు పొయ్యడం, ఇంటిల్లిపాదికీ మూడు పూటలా వంట. ఒకరోజు పిల్ల తల ఆరబెట్టడానికి సాంబ్రాణి వేస్తే పొగ అలారం మోగి అందరం బెంబేలెత్తిపోయాం. వ్యాసంలో ఇది హాస్య సంఘటనగా వచ్చింది. అల్లుడు వారం తిరక్కుండానే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అతనికి ఎన్ని వారాల సెలవు ఉందో మేమెవరమూ అడగలేదు.

అన్నింటికంటే నన్ను పొడిచేది వీసా కిటికీ. వెళ్ళే ముందు తెలిసినవాళ్ళంతా ఒకటే మాట చెప్పారు: “మనవరాలిని చూసుకోవడానికని అనకండి, పనికి వెళ్తున్నారనుకుంటారు. ఊళ్ళు చూడ్డానికని చెప్పండి.” సందర్శకుల వీసా మీద వెళ్ళినవాళ్ళు ఉద్యోగం చెయ్యకూడదు మరి. నలభై ఏళ్ళుగా నా ఇంటి చాకిరీని పని అని ఒప్పుకున్నవాళ్ళు లేరు. ఒప్పుకుంటారేమోనని భయపడాల్సిన చోటు ఒక్కటి దొరికితే, అక్కడ దాన్ని నేనే దాచిపెట్టాను. “సైట్ సీయింగ్” అన్నాను, నవ్వుతూ.

అక్టోబరులో తిరిగొచ్చే ముందు సన్ సిటీ చూశాం. 1960 జనవరి 1న డెల్ వెబ్ అనే బిల్డరు ఫీనిక్స్ పక్క ఎడారిలో తెరిచిన విశ్రాంత జీవుల ఊరు. ఇంట్లో ఒక్కరికైనా 55 ఏళ్ళు నిండాలి. 19 ఏళ్ళ లోపువాళ్ళు కాపురం ఉండకూడదు, చుట్టపుచూపుగా వచ్చి పోవచ్చు. అంటే అక్కడ విశ్రాంతికి అర్థం పిల్లలు లేకపోవడం! “ఎంత స్వార్థం,” అని ముందు సీట్లోంచి మావారి తీర్పు. వెనక సీట్లో నేను పిల్ల నోటికి పాలసీసా అందిస్తున్నాను. పసివాళ్ళ ఏడుపు వినపడని ఊరు నాకూ వద్దు. కానీ మంచు ప్రాంతాల నుంచి చలికాలం గడపడానికి అరిజోనా వచ్చే పెద్దలు ఎండలు ముదరగానే వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళే వేళకి మేం దిగాం. మా రాకపోకలకి రుతువుతో పనిలేదు, కాన్పు తేదీ చాలు.

జులైలో ఇక్కడ మా అమ్మ పడిపోయి తుంటి విరిగింది. నేను రాలేదు. రాలేకపోయాను అని రాస్తే కొంత అబద్ధం అవుతుంది. అమ్మ దగ్గర జీతానికి ఒకామె ఉంది. ఆమె తన ఇద్దరు పిల్లల్ని ఊళ్ళో వాళ్ళమ్మ దగ్గర వదిలి వచ్చింది. ఇలాంటి వరసకి ఆర్లీ హాక్‌షీల్డ్ 2000లో ‘గ్లోబల్ కేర్ చైన్’ అని పేరు పెట్టింది. సెమినార్లలో మనం దాని మీద ఎన్ని పత్రాలు చదవలేదు! ఆ గొలుసులో జీతం లేని లంకె నేనేనని చాండ్లర్ వంటింట్లో గాని తెలియలేదు.

“మనవరాలిని ఎత్తుకోవడానికి కూడా కూలీ లెక్కలా?” అని కొందరు ముక్కున వేలేసుకుంటారు, తెలుసు. ఎత్తుకోవడం నాకిష్టం. మరి ఇష్టమున్న పనిని ఇద్దరు తాతలూ, ఒక తండ్రీ ఎందుకు పంచుకోరు? 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు వాటికి పెడుతుంటే, చేసే మగవాళ్ళు పెట్టేది 88. సముద్రం దాటినా మా ఇంట్లో ఈ లెక్క మారలేదు. నేను బయల్దేరే వారం ముందు వియ్యపురాలు దిగింది. ఆమెకి అప్పగించడానికి పాల వేళలూ, మందుల వేళలూ ఒక కాగితం మీద రాశాను. “మీరు అలిసిపోయారు వదినగారూ,” అందామె. ఆ ఆరు నెలల్లో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే.

అమెరికాలో తల్లిదండ్రుల ఒంటరితనం మీద మన రచయిత్రులు చాలా రాశారు, నేనూ రాశాను. కిటికీలోంచి చూసే ముసలమ్మ మన కథల్లో ఎప్పుడూ ఖాళీగా కూర్చునే ఉంటుంది. ఆమె చేతుల్లో ఏముందో ఎందుకు చూడలేదు మనం? రచయిత్రినై ఉండి నా వంటిల్లు మీద ఇన్నాళ్ళు ఒక్క వాక్యం రాయకుండా, ఆయన వ్యాసం వచ్చాక ఉడుక్కుంటున్నానంటే, తప్పులో సగం నాదే.

వచ్చే మార్చిలో మా అమ్మాయికి రెండో కాన్పు. వీసాకి పదేళ్ళ గడువుంది కాబట్టి మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళక్కర్లేదు. మావారు టికెట్లు చూస్తున్నారు. నిన్న రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి, అల్లుడికి ఎన్ని వారాల సెలవు ఇస్తారే అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. “తెలీదమ్మా, అడిగి చెప్తాను,” అంది.