పోస్టరు చెప్పే మాట

సూరత్ నగరంలో పురపాలక పాఠశాలలు గుజరాతీతో పాటు మరాఠీ, ఒడియా, ఉర్దూ, తెలుగు మాధ్యమాలలోనూ నడుస్తున్నాయి. ఇన్ని లిపుల నగరంలో విద్యార్థులు ఒక స్టంటు చిత్రం తీసి పోస్టరు అంటించదలిస్తే, అక్షరం కొందరికే అందుతుంది. బొమ్మ అందరికీ అందుతుంది. కనుక బొమ్మ అబద్ధమాడరాదు.

ఇందుకు 'ఎల్ మరియాచీ' కథ మంచి పాఠం. టెక్సాస్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ రోడ్రిగెజ్ 1991లో, మెక్సికో సరిహద్దు పట్టణమైన సియుదాద్ అకూన్యాలో ఆ స్టంటు చిత్రాన్ని తీశాడు. వ్యయం సుమారు 7,000 డాలర్లు. అందులో కొంత, కొత్త ఔషధాల పరీక్షకు తన దేహాన్ని అప్పగించి ఆర్జించినదే. ట్రాలీ కొనే స్తోమత లేక చక్రాల కుర్చీనే ట్రాలీ చేసుకున్నాడు. తానే కూర్చుకున్న ట్రైలరు అతనిని హాలీవుడ్ దృష్టికి తెచ్చింది. 1993లో సన్‌డాన్స్ ఉత్సవంలో ప్రేక్షకుల బహుమతి లభించింది.

నాటినుండి 7,000 డాలర్లన్న అంకెయే ఆ చిత్రానికి పెద్ద ప్రకటన అయింది. అయితే థియేటర్లకు తగిన ప్రింటుకు, శబ్దానికి, ప్రచారానికి కొలంబియా సంస్థ అంతకు ఎన్నో రెట్లు వెచ్చించింది. అంకె అబద్ధం కాదు, సగం నిజం. మిగిలిన సగం చెప్పవలసినది సమీక్షకుడు.

పోస్టరు ఆశ పెట్టవచ్చు. ఆ ఆశ ఎంతవరకు తీరిందో తూచి చెప్పేది సమీక్ష. మిత్రుల చిత్రమని సమీక్షకుడు మొగమాటపడితే మొదట మోసపోయేది ప్రేక్షకుడు. పిదప నష్టపోయేది ఆ మిత్రుల రెండవ చిత్రమే.