బైండింగ్ వైరు చుట్టిన పైపును బావిలోకి దించనీయొద్దు

ఎండాకాలం వచ్చింది. బద్వేలు, పోరుమామిళ్ల, కలసపాడు, ఏ పక్కకు పోయినా యాడో ఒకచోట కంప్రెషర్ ట్రాక్టరు మోత వినపడుతుంది. బోర్లకు డబ్బులు పోసి చేతులు కాల్చుకున్నోళ్లు పాత బావినే ఇంకో రెండు గజాలు దించుకుందామని చూస్తాండారు. మంచిదే. కానీ అన్నలారా, గంటకు బాడుగ ఎంత అని గీచిగీచి బేరమాడే మనం, ఆ ట్రాక్టరు వెనకాల చుట్టిపెట్టిన పైపును ఒక్కసారైనా విప్పదీసి చూసినామా?

నేనూ చూడలేదు. పోయినేడు మా బావిలో పైపు అతుకు దగ్గర ఊడింది. కింద డ్రిల్లు పట్టుకోని ఉండింది మా చిన్నాయన కొడుకు. ఊడిన కొస ఎగిరెగిరి కొట్టుకుంటా వచ్చి, ఇనుప కప్లింగు వాని దవడకు తగిలింది. నెలన్నర గంజి మీదే బతికినాడు. ట్రాక్టరాయన చెప్పింది ఒకటే మాట: "ఇన్నేండ్లలో ఎప్పుడూ ఇట్ల కాలేదు." పైపు పైకి లాగి చూస్తే క్లాంపు లేదు. బైండింగ్ వైరు నాలుగు చుట్లు, దానిపైన సైకిలు ట్యూబు ముక్క.

"గాలే కదా" అంటారు. లెక్క చూడండి. మీటరు ముల్లు 7 దగ్గర ఉందంటే చదరపు సెంటీమీటరుకు 7 కిలోల ఒత్తిడి. ఒక అంగుళం పైపు నోరు 5 చదరపు సెంటీమీటర్లు. అంటే ఆ అతుకును ఊడబీకడానికి 35 కిలోల తోపుడు పొద్దంతా పని చేస్తానే ఉంటుంది. యూరియా బస్తా 45 కిలోలు. ముప్పాతిక బస్తాను వైరు చుట్లకు వేలాడదీసి దాని కింద మీ కొడుకును నిలబెడతారా? బావిలో ఇంకొకటి కూడా ఉంది. 50 అడుగుల పైపు కిందికి వేలాడితే దాని బరువు కూడా ఆ అతుకు మీదే పడుతుంది. అందుకే పైపును గట్టు మీద గుంజకు తాడుతో కట్టాల, బరువు తాడు మోయాల.

నీళ్ల పైపుకు వేసే, స్క్రూ తిప్పి బిగించే క్లిప్పు దీనికి చాలదు. రెండు బోల్టులుండే క్లాంపు కావాల. రెండు పైపులను కలిపే పంజా కప్లింగుకు పిన్ను వేసే రంధ్రం ఉంటుంది. ఆ పిన్ను ఎవరూ వెయ్యరు, మేకు కూడా దూర్చరు. అతుకుకు ఇటొక పైపు, అటొక పైపు పట్టుకునే ఇనుప తాడు ఒకటి వస్తుంది. అది ఉంటే కప్లింగు ఊడినా పైపు కొట్టుకోదు. మనోళ్లు దాన్ని దండగ ఖర్చు అంటారు.

పైపు కొనేటప్పుడు ఇంకో మోసం. అంగట్లో చూపించేది పగిలిపోయే ఒత్తిడి అంకె. మనకు కావాల్సింది పని చేసే ఒత్తిడి అంకె, రెండూ ఒకటి కాదు. ఏడాదంతా ఎండలో ట్రాక్టరు మీద పడున్న పైపును చేత్తో వంచి చూడండి. పైన బీటలు కనపడితే పనికిరాదు. కంప్రెషర్ నుంచి వచ్చే ఆయిలు లోపలి రబ్బరును తింటుంది, అది పైకి కనపడదు. పొద్దున్నే ట్యాంకు కింద కుళాయి తిప్పి నీళ్లు వదలమంటే "మధ్యాన్నం చూద్దాంలే" అనే ఓనర్లు ఎంతమందో.

ప్రాణం సంగతి పక్కన పెట్టినా డబ్బు పోతాంది. 3 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి ఆ ఒత్తిడిలో నిమిషానికి సుమారు 20 ఘనపుటడుగుల గాలి పోతుంది. 100 ఇచ్చే కంప్రెషర్ అయితే అయిదో వంతు గాలికే. డ్రిల్లు నిదానంగా దిగుతుంది, గంటలు పెరుగుతాయి, కట్టేది మనం. సబ్బునీళ్లు రుద్దితే బుడగలే చెప్తాయి, దానికి మెకానిక్కు అక్కర్లేదు.

డ్రిల్లు మార్చేటప్పుడు పైపును మడిచి కాలి కింద పెట్టుకునే అలవాటు మా ఊర్లోనూ ఉంది, మీ ఊర్లోనూ ఉంది. మానుకోండి. పైన వాల్వు కట్టేసి, పైపులో గాలంతా డ్రిల్లు గుండా పోయినాకే విప్పాల. పని అయినాక ఒంటి మీద దుమ్ము ఆ గాలితో ఊదుకునేవాళ్లకూ ఇదే మాట. కన్నూ చెవీ రెండూ పోతాయి.

"అవన్నీ అడిగితే వాడు బాడుగ పెంచుతాడు" అని ఒకాయన నాతో వాదించినాడు. పెంచనీ. ఓనరును ఒక్కడినే తిట్టి లాభం లేదు. వంద తక్కువకు వచ్చేవాన్ని వెతికి పట్టుకొచ్చేది మనమే, అందుకే మంచి పైపులు వేసినోడు బేరంలో ఓడిపోతాండాడు. ట్రాక్టరు పైపుది కావొచ్చు, బావి మనది. లోపలికి దిగేది మన ఊరోడు.

వచ్చే వారం మా బావి పని మళ్లీ మొదలు. ఈసారి క్లాంపులు నేనే కొనిపెట్టినా. పిన్ను రంధ్రం ఉండే ఒక అంగుళం కప్లింగులు రెండు జతలు తక్కువైనాయి, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.