తులసి పెద్దదయింది గానీ

తిరుమలగిరి నుంచి సూర్యాపేట పోయే పొద్దుటి బస్సులో కాలేజీ ఆడపిల్లలు ఫోన్లలో ప్రతిలిపి సీరియళ్లు చదువుతుంటారు. దయ్యాలు, ప్రేమలు, పునర్జన్మలు. ఆ పిల్లలతో కాసేపు మాట్లాడితే రెండో భాగం మీద కోపం బయటపడుతుంది. "మొదట్ల మంచిగనే ఉండె సార్, రెండోదాంట్ల ఊకె ఏడుస్తది" అంటారు. మొదటి భాగంలో శ్మశానానికి ఒంటరిగా పోయి వచ్చిన నాయిక రెండోదాంట్లో ప్రియుడి ఫోను కోసం భాగాలకు భాగాలు కుమిలిపోతే చదివేవాళ్లకు విసుగు రాదా? ఆ కోపం న్యాయమైనది.

యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'లో తులసి చిన్నపిల్ల. చేతబడి ఆమె మీద జరిగింది, పెద్దవాళ్లు కాపాడుకున్నారు. కాపాడింది వైద్యమా, మంత్రమా అన్నది తేల్చకుండా వదిలేయడమే ఆ నవలకు పట్టు. దాని మీద రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఒక పుస్తకమే రాశారు. కొనసాగింపు నవల 'తులసి'కి వచ్చేసరికి ఆ పిల్ల పెద్దదయింది. అయినా కథను నడిపేది కాష్మోరా అనే పిశాచమే. 1986లో ఆ నవల సినిమాగా వచ్చినప్పుడు టైటిల్లో నాయిక పేరు పోయి పిశాచం పేరే మిగిలింది.

రెండో భాగంలో నాయికను ఇలా పక్కకు నెట్టడం మన దగ్గరి జబ్బు మాత్రమే కాదు. స్టెఫనీ మేయర్ వాంపైర్ కథల రెండో భాగం 'న్యూ మూన్' (2006)లో వాంపైర్ ప్రియుడు వదిలిపోయాక అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి అని నెలల పేర్లున్న పేజీలు తప్ప నాయిక బెల్లా బతుకులో కొన్నాళ్లు ఏమీ ఉండదు. ఆ ఖాళీ పేజీలు నాకు నచ్చాయి, దుఃఖం అలాగే ఉంటుంది. నచ్చనిది ఆ తర్వాత. మోటారుసైకిలెక్కినా, కొండ మీంచి దూకినా అంతా అతని గొంతు చెవిన పడటానికే.

దీనికి ఎదురుగా పెద్దన 'మనుచరిత్ర'లోని వరూధినిని చూడండి. ప్రవరుణ్ని కోరింది, తన నోటితోనే అడిగింది. అతడు కాదన్నాడు. అతని రూపంలో వచ్చిన గంధర్వుడి చేతిలో మోసపోయింది. అయినా ఆ కోరిక ఆమెదే. అయిదు వందల ఏళ్ల కిందటి నాయిక ఆమె.

ఇక చేతబడి సంగతికొస్తే, ఉమ్మడి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బాణామతి అనే చేతబడి భయం నిన్నమొన్నటి మాట. అనుమానంతో పళ్లు ఊడగొట్టారు, ప్రాణాలు తీశారు. ఆ అనుమానం ఎక్కువగా వాలేది పేదవాళ్ల మీద, దిక్కులేని ముసలామె మీద. తులసిదళంలో చేతబడి వెనక ఉన్నది ఆస్తి. మన ఊళ్లలోనూ తవ్వితే చాలాసార్లు భూమి తగాదాయే బయటపడుతుంది. ఆ తవ్వే పని రెండో భాగంలో నాయిక ఎందుకు చేయకూడదు? జ్వరం ఎన్నాళ్ల నుంచి, ఏ డాక్టరు చూశాడు, గట్టు జరిపిందెవరు అని ఆమె అడగాలి. ప్రేమలో పడనివ్వండి, ఏడవనివ్వండి, తప్పు మనిషిని నమ్మనివ్వండి. ఆ తప్పు మాత్రం ఆమె చేసినదై ఉండాలి, రచయిత ఆమె నెత్తిన వేసినదై ఉండకూడదు.

బస్సులో చదివే పిల్లల్లో రాసేవాళ్లూ ఉన్నారు. అలాంటి రెండో భాగాలు మాకు పంపండి. దయ్యాలున్నా సరే, వేస్తాం.