పాత వ్యాను కొన్న రైతు చేయవలసిన మొదటి వ్యయము

మన గ్రామములలో రెండెడ్ల బండి చేయుచుండిన పనిని నేడు చిన్న సరకు వ్యాను చేయుచున్నది. 2005వ సంవత్సరమున టాటా ఏస్ బండి విపణిలోనికి వచ్చినది మొదలు ఈ మార్పు మిక్కిలి వేగముగా సాగినది. దానికంటె పెద్దవియగు పికప్ వ్యానులును పెక్కు గ్రామములలో కనబడుచున్నవి. క్రొత్తది కొన శక్తి చాలని రైతులు, ఇద్దరు ముగ్గురు కలిసియో, ఋణము తీసికొనియో, లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన పాత బండిని కొనుచున్నారు. ఇందు తప్పేమియు లేదు. అయితే అమ్మినవానికి ఇచ్చిన సొమ్మే బండి వెల యని తలంచుట మాత్రము నష్టహేతువు. ఆ సొమ్ముతోబాటు మరికొంత ధనమును మరమ్మతుల కొఱకు గాక, మరమ్మతులు రాకుండుట కొఱకు ప్రత్యేకించి యుంచనివాడు పాత బండి కొనకుండుటయే మేలని మా అభిప్రాయము.

పంట చేతికి వచ్చు దినములలోనే బండికి పని యెక్కువ. బరువు మిక్కుటముగా నుండునదియు, దారిలో నిలువరానిదియు ఆ దినములే. మదనపల్లె మార్కెట్టునకు టమాటలు వేసికొని పోవు బండి తెల్లవారుజామున ఫ్యాను బెల్టు తెగి నిలిచినదనుకొందము. తెగినది కొలది వందల రూపాయల వస్తువు. తప్పినది ఆనాటి వేలము. మరునాటి ధర యెట్లుండునో ఎవరెరుగుదురు? సరకు మెత్తబడును, బాడుగ బండికి వేరుగ చెల్లింపవలెను, ఋణపు వాయిదా మాత్రము ఆగదు.

కావున బండి ఇంటికి వచ్చిన వారములోనే, మొదటి బాడుగకు పోకమునుపే, కొన్ని పనులు చేయింపవలెను. “ఆయిలు మొన్ననే మార్చితిమి” అని అమ్మినవాడు చెప్పును. అతని మాట నిజమే కావచ్చును. కాని దానికి రసీదు లేనిచో మార్చలేదనియే యెంచవలెను. మీటరునందలి అంకెను వెనుకకు త్రిప్పి అమ్మువారును గలరు. ఇంజను ఆయిలు, దాని ఫిల్టరు, డీజిలు ఫిల్టరు, గాలి ఫిల్టరు, గేరు ఆయిలు, వెనుక ఇరుసునందలి క్రౌను ఆయిలు, కూలెంటు, బ్రేకు ఆయిలు, వీనినన్నిటిని ఒక్కమారు మార్చి, ఆ దినమును, మీటరు అంకెను ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. అచ్చటి నుండి లెక్క మనది.

తరువాతి మార్పులు ఆ బండి కంపెనీ పుస్తకములో చెప్పిన గడువుల ప్రకారము జరుగవలెను. దుమ్ము బాటలపై తిరుగు బండికి గాలి ఫిల్టరు గడువుకంటె ముందే పూడును. అపుడు పొగ హెచ్చును, లాగు శక్తి తగ్గును, డీజిలు ఎక్కువ త్రాగును. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని ఎప్పటికప్పుడు వదలివేయవలెను. ఆ నీరు పంపునకు చేరినచో కలుగు వ్యయము ఫిల్టరు వెలకు ఎన్నో రెట్లు.

రేడియేటరులో బోరు నీరు పోయు అలవాటు మనలో హెచ్చుగా నున్నది. ఆ నీటిలోని లవణములు లోపల పొరలు పొరలుగా గట్టిపడి సన్నని గొట్టములను మూసివేయును, త్రుప్పును పట్టును. ఇంజను కాగి, హెడ్డు వంగి, గాస్కెటు పోయిన పిమ్మట వగచి ప్రయోజనము లేదు. తగిన కూలెంటునే పోయవలెను. రబ్బరు గొట్టములు ఉబ్బినను, బెల్టులపై పగుళ్లు కనబడినను వెంటనే మార్చవలెను. వేడిగా నున్నపుడు రేడియేటరు మూతను తెరువనే కూడదు.

కొన్ని ఇంజనులలో వాల్వులను నడుపునది గొలుసు, కొన్నింటిలో రబ్బరు బెల్టు. బెల్టు గలదైనచో, అది ఎప్పుడు మార్చబడినదో తెలియనంతవరకు ఆ బండిని నమ్మరాదు. నడచుచుండగా ఆ బెల్టు తెగినచో అనేక ఇంజనులలో పిస్టనులు వాల్వులకు తగిలి, ఇంజను విప్పవలసి వచ్చును. 2020 ఏప్రిలు తరువాత అమ్మబడిన బీయస్-6 డీజిలు బండ్లు నేడు పాతవిగా చేతులు మారుచున్నవి. వీనిలో పొగమసిని పట్టు ఫిల్టరుండును. దాని హెచ్చరిక దీపము వెలిగినపుడు పట్టించుకొనక తిరుగుటయు, చెప్పిన రకము కాని ఆయిలు పోయుటయు పెద్ద వ్యయమునకు దారి తీయును.

బ్రేకుల విషయమున పొదుపు చేయువాడు ప్రాణముతో జూదమాడుచున్నాడు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. ఘాటు దిగునపుడు వేడికి ఆ తేమ ఆవిరియై, పెడలు త్రొక్కగా అడుగంటిపోవును, బండి నిలువదు. అందువలన రెండేండ్లకొకమారైనను దానిని మార్చవలెను. డబ్బాలో మట్టము తగ్గుచున్నచో లైనర్లు అరిగినవనియో, ఎక్కడనో కారుచున్నదనియో గ్రహింపవలెను. ఘాటు దిగునపుడు బ్రేకును నమ్ముకొనక చిన్న గేరులోనే దిగవలెను.

క్రింది భాగమును నెలకొకమారు పరీక్షింపవలెను. షాఫ్టు క్రాసులకు గ్రీజు, కమాను పట్టీలలో విరిగినదేదైన కలదేమో, యూ బోల్టులు వదులైనవేమో చూడవలెను. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర యుండును; 3521 అని యున్నచో 2021వ సంవత్సరపు 35వ వారమున తయారైనదని అర్థము. గాళ్లు లోతుగా నున్నను, ఏండ్లు గడచి రబ్బరు పగిలిన టైరు బరువునకు ఆగదు.

ఎంత జాగ్రత్త చేసినను, మోయదగినదానికి మించి బరువు వేసినచో అంతయు వ్యర్థమే. రిజిస్ట్రేషను పత్రమున ఖాళీ బండి బరువును, మొత్తముగా ఉండదగిన బరువును వ్రాయబడియుండును. రెండవదానినుండి మొదటిదానిని తీసివేయగా మిగిలినదే, మనుష్యులతో సహా, బండి మోయదగినది. బండి వెనుక కూలీలనెక్కించుట చట్టవిరుద్ధము. ప్రమాదము జరిగినచో బీమా పరిహారమునకును చిక్కు గలుగును.

“నడచుచున్న బండిని విప్పనేల?” అని కొందరందురు. ఇరుసునకు కందెన పెట్టక దూరప్రయాణమునకు బండి కట్టిన రైతు మన పూర్వులలో లేడు. ఇరుసు మొరపెట్టుచున్నదని పెట్టుట కాదు, మొరపెట్టకుండుటకే పెట్టిరి. చెరువు కట్టను వానలకు ముందే చక్కచేయు మనకు ఈ నీతి క్రొత్తది కాదు.

“వాయిదాకే డబ్బు చాలకున్నది, దీనికెక్కడ తెత్తుము?” అనునది మరియొక ఆక్షేపణ. ఇది న్యాయమైన ప్రశ్నయే. మా సూచన యిది. తిరిగిన ప్రతి కిలోమీటరునకు రూపాయిన్నర చొప్పున ప్రక్కన పెట్టవలెను. నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగు బండికి 3,000 రూపాయలు, ఏడాదికి 36,000 రూపాయలగును. ఆయిళ్లు, ఫిల్టర్లు, లైనర్లు, టైర్లు ఈ నిధినుండియే రావలెను. ఇది అదనపు వ్యయము కాదు. ఎట్లైనను చేయవలసిన వ్యయమును, మనము కోరిన దినమున, మనము కోరిన షెడ్డులో, బేరమాడి చేయుట మాత్రమే. నడిరోడ్డున బండి నిలిచినవాడు బేరమాడలేడు.

ఇందు సంఘముల బాధ్యతయు కలదు. బండి కొనుటకు ఋణమిచ్చు సంఘము, దాని పోషణ మాట తలపెట్టకుండుట, ఎద్దును కొనిచ్చి మేత మరచినట్లుండును. వాయిదాతోబాటు ఈ చిన్న మొత్తమును సభ్యుని పేరనే ప్రత్యేకముగా జమ కట్టించుకొని, బిల్లు చూపినపుడు తిరిగి యిచ్చు ఏర్పాటు చేసినచో, బండియు నిలుచును, ఋణమును వసూలగును. ఐదారు బండ్లున్న గ్రామమున ఆయిళ్లు, ఫిల్టర్లు ఒక్కమారుగా కొన్నచో ధరయు కలిసివచ్చును, నకిలీ సరకు బెడదయు తగ్గును. రాబోవు మహాజన సభలో సభ్యులు ఈ విషయమును చర్చకు దెచ్చి తీర్మానింప కోరుచున్నాము. ఈలోగా బండి గల ప్రతి రైతును ఒక నోటు పుస్తకము కొని, నేటి మీటరు అంకెను మొదటి పుటలో వ్రాసి యుంచుగాక.