ఇంగ్లీషు ముచ్చట్లు: కామా ఉంటే అందరూ, లేకుంటే కొందరే

"నిన్న వచ్చిన ఆయన మా మామయ్య" అంటాం మనం. గుర్తు ముందు, మనిషి తరువాత. ఇంగ్లీషువారిది ఎదురు నడక. ముందు మనిషిని నిలబెట్టి, ఆ తరువాత గుర్తు చెబుతారు: "ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై అంకుల్." మనకు "వచ్చిన" అన్న ఒక్క మాటతో తీరిన పనికి వారికి "హూ" అనే కొక్కెం కావలసి వచ్చింది. మనుషులకు "హూ", వస్తువులకు "విచ్", రెంటికీ చెల్లేది "దట్".

ఈ కొక్కెం దగ్గర మన పిల్లలు రెండు విధాల తడబడతారు. మొదటిది, "ద మ్యాన్ కేమ్ యెస్టర్‌డే" అంటూ "హూ"ను ఎగరగొట్టడం. అక్కడ "హూ"యే కర్త. తీస్తే వాక్యం కూలుతుంది. "ద బుక్ ఐ బాట్" అంటే మాత్రం తప్పులేదు. కొన్నది నేను, పుస్తకం కర్మ. కర్మ అయినప్పుడు "దట్" మానవచ్చు. రెండవది, "ద బుక్ దట్ ఐ బాట్ ఇట్" అనడం. "దట్" ఉండగా "ఇట్" దేనికి? ఒకే పీటమీద ఇద్దరిని కూర్చోబెట్టినట్టు!

ఇక అసలు చిక్కు కామాది. నలుగురు కొడుకులున్న పెద్దాయన వీలునామాలో "మై సన్స్ హూ లివ్ ఇన్ విశాఖపట్నం షల్ గెట్ ద హౌస్" అని వ్రాశారనుకోండి. విశాఖలో ఉన్నవారు ఇద్దరే అయితే, ఇల్లు ఆ ఇద్దరిదే. "సన్స్" తరువాత ఒకటి, "విశాఖపట్నం" తరువాత ఒకటి కామాలు పెట్టారో, కొడుకులందరూ అక్కడే ఉన్నారనీ, ఇల్లు అందరిదనీ అర్థం వస్తుంది. హైదరాబాదులో ఉన్న ఇద్దరూ వాటా అడుగుతారు. అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కడానికి రెండు కామాలు చాలు!

తెలుగులో "విశాఖలో ఉన్న నా కొడుకులు" అన్నా ఈ అనుమానమే. అందుకే మనం "నా కొడుకుల్లో విశాఖలో ఉన్నవాళ్ళు" అని విడమరచి చెబుతాం.

గుర్తు తీసేసి చూడండి. "ఎవరు? ఏది?" అని అడగవలసి వస్తే కామా వద్దు. అడగనక్కరలేకపోతే కామా తప్పదు. అక్కడ "దట్" పనికిరాదు. వస్తువుల విషయంలో కామా లేనిచోట "దట్", ఉన్నచోట "విచ్" వాడితే మేలని ఫౌలర్ 1926లోనే సలహా ఇచ్చాడు. ఇంగ్లీషువారే అందరూ పాటించరనుకోండి.

శ్రీవారూ, మీకొక మాట. "మై వైఫ్ హూ ఈజ్ ఇన్ గుంటూరు" అని కామా లేకుండా ఎవరికీ వ్రాయకండి. మరో ఊళ్ళో మరో ఇల్లాలు ఉన్నదని అర్థం!