వరుస సరే, దిశ మాటేమిటి?

2024 డిసెంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు ఐరోపా అంతరిక్ష సంస్థ వారి రెండు ఉపగ్రహాలను కక్ష్యలో ప్రవేశపెట్టింది. ప్రోబా-3 అనే ఆ జంటలో ఒకటి సూర్యబింబానికి అడ్డుగా నిలుస్తుంది. సుమారు 150 మీటర్ల వెనుక, దాని నీడలో నిలిచిన రెండవది సూర్యుని చుట్టూ ఉండే కరోనా అనే కాంతివలయాన్ని చిత్రిస్తుంది. కోరినప్పుడు కల్పించుకునే గ్రహణమన్నమాట. ఆ ఎడం మిల్లీమీటరు మేరకు సరిగ్గా ఉండాలి. కెమెరా, లేజరు, నీడ అంచులను పసిగట్టే సెన్సర్లు ఆ పని చూసుకుంటాయి.

విడివిడి ఉపగ్రహాలు ఒకే పరికరంలా కలిసి ప్రయాణించడం ఎంత కష్టమో దీనిని బట్టి తెలుస్తున్నది. అయితే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది వాటి మధ్య దూరం కాదు. ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్నాయో తెలిసినంత మాత్రాన, అవి రెండూ ఎక్కడ ఉన్నాయో తెలుస్తుందా?

కొన్ని ఉపగ్రహాల కూటమిని ఊహించండి. ప్రతి ఒక్కటీ తోటివాటి దూరాన్ని మాత్రమే కొలుస్తూ పోతుంటే కూటమి ఆకారం చక్కగా తెలుస్తుంది. కాని కూటమి మొత్తం ఒక్కసారిగా కొద్దిగా తిరిగిపోయిందనుకోండి. దూరాలలో ఏ ఒక్కటీ మారదు. కాబట్టి లెక్కలలో ఏ దోషమూ కనిపించదు. ఎవరికి వారు సరిగ్గానే ఉన్నామనుకుంటారు.

ఈ చిక్కు మన పాఠకులకు కొత్తది కాదు. ఆరుబయట నమాజుకు నిలిచినవారు భుజానికి భుజం, మడమకు మడమ కలిపి సఫ్‌ను ఎంతో శ్రద్ధగా సరిచేసుకుంటారు. సఫ్ సూటిగా ఉన్నంత మాత్రాన ముఖాలు ఖిబ్లా వైపు ఉన్నట్లు కాదు. దానిని చెప్పవలసింది పక్కవాని భుజం కాదు. సూర్యుడో, దిక్సూచియో, వెలుపలి గుర్తు మరొకటో చెప్పాలి. వివాహంలో కట్నకానుకల ప్రసక్తి వచ్చినప్పుడు "అందరూ తీసుకుంటున్నారు కదా" అనే మాట మన ఇళ్ళలోనూ వినబడుతున్నది. అందరూ కలిసే తిరిగిపోయినప్పుడు పక్కింటిని చూసి దిశను సరిచూసుకోవడం ఎలా సాధ్యం?

భూమికి దగ్గరలో ఉపగ్రహాలకు వెలుపలి గుర్తు జి.పి.ఎస్. అయితే ఆ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉండి, తమ సంకేతాలను ప్రధానంగా భూమివైపే పంపుతాయి. ప్రోబా-3 జంట 60,000 కిలోమీటర్ల వరకు వెళుతుంది. కనుక భూమికి సమీపించినప్పుడు జి.పి.ఎస్. అందుకొని, పైకి పోయినప్పుడు లెక్కల మీద ఆధారపడుతుంది. అంగారకుని వద్దకో, ఇంకా ఆవలికో పోయే నౌకలకు ఆ సదుపాయమూ లేదు. అవి భూమిపై ఉన్న పెద్ద యాంటెన్నాల మాట కోసం ఎదురుచూడాలి. అంగారకుడు దూరంగా ఉన్న కాలంలో రేడియో సంకేతం ఒకవైపు ప్రయాణానికే 20 నిమిషాలు దాటుతుంది. నక్షత్రాలను చూసే కెమెరా నౌక ముఖం ఎటు తిరిగి ఉన్నదో చెబుతుంది గాని, నౌక ఎక్కడ ఉన్నదో చెప్పలేదు.

ఇక్కడే పల్సర్ల ప్రస్తావన వస్తుంది. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థినిగా ఉన్న జోస్లిన్ బెల్, ఆకాశంలో ఒకే చోటి నుంచి సుమారు 1.337 సెకన్లకొకసారి తప్పక వచ్చే రేడియో స్పందనను గుర్తించారు. అది సూర్యుని కంటె ఎక్కువ ద్రవ్యరాశిని ఇరవై కిలోమీటర్ల వెడల్పులో కుదించుకొని గిరగిర తిరిగే నక్షత్రమని తర్వాత తేలింది. 1974 నాటి నోబెల్ బహుమతి ఆమె గురువుకు దక్కింది, ఆమెకు దక్కలేదు. 2018లో తనకు లభించిన 30 లక్షల డాలర్ల పురస్కారాన్ని ఆమె విద్యార్థుల ఉపకార వేతనాలకు ఇచ్చివేశారు.

అత్తారిఖ్ సూరా సూచించేది పల్సర్లనేనని కొందరు ప్రచారం చేస్తుంటారు. ముఫస్సిరులు ఆ పదాన్ని రాత్రివేళ వచ్చే నక్షత్రంగా వివరించారు. దివ్యగ్రంథం గౌరవానికి పల్సర్ల సాక్ష్యం అవసరం లేదని మా అభిప్రాయం.

పల్సర్లలో కొన్ని సెకనుకు వందలసార్లు తిరుగుతాయి. వాటి స్పందన సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి ఏ క్షణాన చేరాలో ముందే లెక్కగట్టి పట్టికగా నౌకలో ఉంచుతారు. స్పందన నౌకకు అంతకంటె ముందో వెనుకో అందుతుంది. ఆ తేడాను కాంతివేగంతో గుణిస్తే, ఆ పల్సరు దిశలో నౌక ఎంత దూరాన ఉన్నదో తెలుస్తుంది. వేర్వేరు దిశలలోని మూడు నాలుగు పల్సర్లను ఇలా గమనిస్తే స్థానం దొరుకుతుంది. రేడియో తరంగాలకు పెద్ద పళ్ళెం యాంటెన్నా కావాలి గనుక, చిన్న పరికరంతో పట్టుకోగల ఎక్స్ కిరణాలను ఎంచుకున్నారు.

2017 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంపై నాసా దీనిని పరీక్షించింది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే ఆ కేంద్రం స్థానాన్ని 16 కిలోమీటర్ల లోపు తేడాతో కనుగొనాలన్నది లక్ష్యం. ఎనిమిది గంటల లోపే అది నెరవేరింది. తర్వాత చాలాభాగం తేడా ఐదు కిలోమీటర్ల లోపే ఉన్నది.

ఐదు కిలోమీటర్లెక్కడ, మిల్లీమీటరెక్కడ! మైక్రోసెకను పొరపాటు 300 మీటర్లకు సమానం. కాబట్టి 150 మీటర్ల ఎడమున్న జంటకు పల్సర్లు లేజరు పని చేసిపెట్టలేవు. ఎడమును లేజరు చూసుకోవాలి. కూటమి ఎక్కడున్నదో, ఎటు తిరిగిపోయిందో పల్సర్లు చెప్పాలి. ఒకటి ఉన్నదని రెండవది వద్దనడానికి లేదు.

ఈ గడియారాలూ పూర్తిగా నమ్మదగినవి కావు. అన్నీ క్రమంగా మందగిస్తాయి. కొన్ని హఠాత్తుగా వేగం పుంజుకుంటాయి. అందువల్ల నౌకలోని పట్టికను అప్పుడప్పుడు భూమి నుంచి సరిచేయవలసిందే. అటువంటి కొలతలను మన దేశంలోనూ తీస్తున్నారు. పూణె సమీపాన ఖోడద్‌లోని రేడియో టెలిస్కోపుతో పల్సర్లను ఏళ్ళ తరబడి గమనిస్తున్న బృందంలో హైదరాబాదు ఐ.ఐ.టి. వారూ ఉన్నారు. వారు వెదకుతున్నది గురుత్వ తరంగాల కోసం.